మా బావ కారుకి గడియారం తెచ్చాను

మా బావకి చూపు పోతోందని ఇంట్లో అందరికన్నా ఆఖర్న తెలిసింది నాకు. ఇందులో విడ్డూరమేమీ లేదు, ప్రతి ఇంట్లోనూ ఆఖర్న తెలిసేవాడు ఒకడుంటాడు. కాకపోతే నాది కళ్ళజోళ్ళ షాపు.

నాకెవరూ ముందుగా చెప్పలేదు కాబట్టి మీకు మాత్రం ముందే చెప్పేస్తున్నాను. బావ చూపు అంచుల్లో బాగానే ఉంది, నడిమధ్యే చెరిగిపోయింది. పక్కనున్నది కనిపిస్తుంది, చూసినదే కనిపించదు. పెద్దాసుపత్రికి ఒక్కడే వెళ్ళి చూపించుకున్నాడు. పూర్తిగా చీకటి కాదు, కానీ పోయింది తిరిగి రాదు, బండి మాత్రం నడపకూడదు అన్నారట వాళ్ళు. ఆ మాట జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, తన కార్ల షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఎవరితోనూ అనలేదు. అంటే ఏమవుతుందో ఆయనకి తెలుసు. అందరూ ప్రేమగా చుట్టూ చేరి, భుజం మీద చెయ్యేసి, చేతిలోని పానా తీసుకుని పక్కన పెట్టేస్తారు. చూపు పోయిందన్న దిగులు కన్నా షెడ్డు పోతుందన్న భయం ఎక్కువ మా బావకి.

బావ అంటే మా అక్క భర్త. పని నీళ్ళ మోటార్లు బాగుచెయ్యడం. వ్యసనం పాత జపాన్ స్పోర్ట్స్ కార్లు. కొందరు తాగుతారు, కొందరు పేకాడతారు, మా బావ తుప్పు గీకుతాడు. పొడుగాటి ముక్కు, పొట్టి తోక, రెండే తలుపులు, ఇద్దరే మనుషులు పట్టే బళ్ళు అవి. కంపెనీ పేరు చెబితే దాని భక్తులూ, పక్క కంపెనీ భక్తులూ ఇద్దరూ కలిసి నా షాపు మీదికొస్తారు కాబట్టి చెప్పను. ఎక్కడో మూలన పడున్నదాన్ని వెతికి పట్టుకుని లాక్కొస్తాడు. ఏళ్ళతరబడి దాంతో కాపురం చేస్తాడు. తీరా అది మెరిసేసరికి ఎవరో వచ్చి పట్టుకుపోతారు, ఆ ఖాళీలోకి ఇంకో తుప్పు వస్తుంది. పూర్తయిన కారులో మా అక్క వీధి చివరిదాకా కూడా షికారు వెళ్ళి ఎరగదు. "మన ఇల్లు ఏ బండికైనా పుట్టిల్లేరా, అత్తిల్లు కాదు" అంటుంది. ఈ ఆఖరి బండిని మాత్రం అమ్మనని, కొండ మీది రోడ్డున అక్కని తీసుకెళ్తానని బావ నోరుజారి మాటిచ్చాడు. అది కళ్ళు బాగున్నప్పటి మాట.

ఆ బండిని కనిపెట్టింది నేనే. ఈ ఒక్క ఘనతా నా నుంచి ఎవరూ లాక్కోలేరు, నేనే పోగొట్టుకుంటే తప్ప. మొక్కల నర్సరీ నడిపే ఒకాయనకి కొత్త అద్దాలు ఇవ్వడానికి వెళ్తే, వెనక రేకుల పాకలో ఎరువు బస్తాల కింద ఏదో పొడుగాటి ముక్కు కనిపించింది. బావకి ఫోన్ చేశాను. నీళ్ళ మోటారొకటి విప్పి విప్పినట్టే వదిలేసి వచ్చాడు.

పాత బండి చూసేటప్పుడు బావ పద్ధతి వేరు. జేబురుమాల్లో చుట్టిన అయస్కాంతం ముక్క ఒకటి తీసి రేకు మీద నెమ్మదిగా జరుపుతూ పోతాడు. అంటుకుంటే ఇనుము. జారిందంటే రంగు కింద ఉన్నది రేకు కాదు, ఎవడో మెత్తిన లప్పం. పెళ్ళిచూపుల్లో పిల్ల పళ్ళు లెక్కపెట్టే మేనత్తలా ఆయన అలా జరుపుతుంటే, నేను పెద్దమనిషి తరహాగా తలుపు మీద మోచెయ్యి ఆనించి నర్సరీ ఆయనతో వాతావరణం గురించి మాట్లాడుతున్నాను. మోచెయ్యి లోపలికి పోయింది. తలుపులోంచి బయటికి తీసుకోవడానికి ఇద్దరు పట్టారు. నర్సరీ ఆయన నా చొక్కా చూడలేదు, చెయ్యి చూడలేదు, తలుపు కేసే చూసి, "అది మొన్నటిదాకా గట్టిగానే ఉందండీ" అన్నాడు. ఎరువులో ఉప్పు రేకుని తినేసిందట. బావకి మాత్రం సంతోషమైంది. అయస్కాంతం కన్నా నా మోచెయ్యే నమ్మకంగా పనిచేస్తుందని, ఇకమీదట నన్నే తీసుకెళ్తానని అన్నాడు.

అలా నేను షెడ్డులో సహాయకుణ్ణయ్యాను. బావ నన్ను "డాక్టరూ" అని పిలుస్తాడు. నేను డాక్టర్ని కాదని ఆయనకి తెలుసు, తెలిసే పిలుస్తాడు. ఆదివారం పొద్దున్నే వెళ్ళేవాణ్ణి. షెడ్డు అంటే ఇంటికి ఆనుకుని ఉన్న రేకుల గది. గోడకి పానాలు కొలతల వరసన వేలాడుతుంటాయి, కింద పాత పరుపు ఒకటి, దాని మీద వెల్లకిలా బావ. షెడ్డు చాలక కారు ఇంట్లోకి కూడా వచ్చేది. బట్టలుతికే తొట్టిలో గేరుబాక్సు నానేది. ఇంజన్ మీది మూతకి ముడతలు పడే నల్లరంగు ఒకటి వేస్తారు, దాన్ని సన్నటి వేడిలో కాల్చితేగానీ ముడత రాదు. అక్క కేకులు కాల్చే ఓవెన్‌లో పెట్టాడు. ముడత అద్భుతంగా వచ్చింది. ఆ వారం అక్క చేసిన కేకు కూడా అదే వాసన వేసింది. నేను మర్యాదకి రెండు ముక్కలు తిన్నాను. రంగు కంపెనీ వాళ్ళు పొట్ట లోపలి పూతకి హామీ ఇవ్వరని ఆ సాయంత్రం తెలిసింది.

ఆ రోజుల్లోనే బావ కళ్ళు మసకబారడం మొదలైంది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే గుడ్డివాడికి కూడా తెలిసేది. నాకు తెలియలేదు.

బోల్టు చేతిలోకి తీసుకుని కళ్ళతో చూసేవాడు కాదు. బొటనవేలితో మరలు తడిమి, ఏ పానా పడుతుందో చెప్పేవాడు. రేకు నున్నగా వచ్చిందో లేదో అరచేత్తో నిమిరి చెప్పేవాడు. నేను వచ్చినవాళ్ళందరికీ దండోరా వేశాను. మా బావ కళ్ళు మూసుకుని ఇంజన్ విప్పగలడు, అనుభవమంటే అది అని. ఇంజన్ భాగాల మీద సన్నటి అంకెలుంటాయి. "చదువుకున్నవాడివి, ఇది కాస్త చదివిపెట్టు డాక్టరూ" అనేవాడు. పొంగిపోయేవాణ్ణి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అంకెలు చదివి, ఇంటికెళ్ళి మా ఆవిడతో, నేను లేకపోతే అక్కడ పని సాగడం లేదనేవాణ్ణి. పాపం, అదొక్కటి నిజమే.

ఒకరోజు అక్క, బావని నా షాపుకి పంపింది. కళ్ళు ఒకసారి చూడరా అంది. నా షాపులో గోడకి అక్షరాల పట్టిక ఉంది. వెనక లైటు వెలిగే పెట్టె. పైన పెద్ద అక్షరం, కిందికి పోయేకొద్దీ చిన్నవి. బావని కూర్చోబెట్టి ఒక కన్ను మూయించాను. గడగడా చదివేశాడు. రెండో కన్ను మూయించాను. అదే వేగం. ఆఖరి వరసలో ఒక అక్షరం ఎండకి వెలిసిపోయి ఎన్నో ఏళ్ళుగా ఎవరికీ కనిపించదు, నాక్కూడా. బావ దాన్ని కూడా చదివాడు. అక్కకి అక్కడికక్కడే ఫోన్ చేసి, ఇవి కళ్ళు కావే, గద్దకళ్ళు అని చెప్పాను. ఆ లైటు పెట్టె చెడిపోయినప్పుడల్లా ఇంటికి పట్టుకెళ్ళి విప్పి బిగించి తెచ్చేది బావేనన్న సంగతి నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. పట్టిక ఆయనకి పాఠంలా వచ్చు. అవతల అక్క, "నీ షాపు ఇంకా నడుస్తోందంటే దేవుడున్నాడురా" అని పెట్టేసింది. మెచ్చుకుందనుకున్నాను.

బండి పూర్తవుతూ వచ్చింది. రంగు పడింది, ముదురు ఆకుపచ్చ. ఇంజన్ పలికింది, సీట్లు కుదిరాయి. బావకి అసలు కష్టం అప్పుడు మొదలైంది. బండి పూర్తయితే బయటికి తియ్యాలి. తియ్యాలంటే నడపాలి. అందుకని బండి పూర్తి కాకుండా చూసుకోవడం మొదలుపెట్టాడు.

స్టీరింగు ముందు పలకలో మూడు గుండ్రటి కన్నాలున్నాయి. రెండింట్లో మీటర్లున్నాయి. మూడోదాంట్లో గడియారం ఉండాలి, లేదు. "గడియారం లేకుండా బండి తీస్తే, జపాన్‌లో దీని బొమ్మ గీసినాయన నిద్రలో ఉలిక్కిపడతాడు" అన్నాడు బావ. సరే, వెతుకుదాం అన్నాను. బావలాంటి పాతకార్ల పిచ్చివాళ్ళ మిత్రబృందం ఒకటుంది, అది కూడా కదిలింది. ఒక గడియారం దొరికింది. పట్టుకెళ్ళాను. చేత్తో తిప్పితిప్పి చూసి, ముల్లు ఏ రంగని అడిగాడు. తెలుపన్నాను. "అయితే కాదోయ్, మనకి నారింజ ముల్లు." ఇంకోటి తెచ్చాను. ముల్లు ఏ రంగు? నారింజ బావా. "అయితే కాదోయ్, మనది తెలుపు." దీంట్లో ఏదో తిరకాసు ఉందని మామూలు మనిషికి తోచాలి. నాకు, పరిశోధన లోతుకి పోయేకొద్దీ అభిప్రాయాలు మారుతుంటాయి కాబోలని తోచింది.

బండి ఆగిపోయింది గడియారం వల్లే కదా, అది తెచ్చేస్తే అక్క కొండ రోడ్డు ఎక్కేస్తుంది కదా అని నాకు పట్టుదల పుట్టింది. మాటల్లో పెట్టి, గడియారం వెనక పోసిన అంకె ఏమిటో బావ నోటితోనే చెప్పించుకున్నాను. దూరాన పాత సామాన్ల వ్యాపారి ఒకడు సరిగ్గా ఆ అంకెదే ఉందన్నాడు. వాళ్ళింట్లో అందరికీ కళ్ళజోళ్ళు చేసిచ్చి, బదులుగా తెచ్చుకున్నాను. అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? బావకి చెప్పకుండా ఒక ఆదివారం పొద్దున మిత్రబృందాన్ని, నర్సరీ ఆయన్ని, వీధిలోవాళ్ళని షెడ్డు దగ్గరికి పిలిచాను. మా ఆవిడ మాత్రం, ఒకసారి వదినతో అని చూడమంది. ఆశ్చర్యపరచడమంటే అర్థం తెలుసా నీకని కసిరాను.

అందరూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను పెట్టె తెరిచి గడియారం బావ చేతిలో పెట్టాను. అంకె పైకి చదివాను, నలుగురూ వినేలా. బావ బొటనవేలు ఆ అంకె మీద ఆగిపోయింది. ముల్లు రంగు అడగలేదు. ఆనందంతో మాట పెగల్లేదనుకున్నాను.

కారులో దూరి, పలక కిందికి చెయ్యి పోనిచ్చి, తీగలు తడిమి బిగించాడు. గడియారం నడిచింది. నలభై ఏళ్ళ నాటి గడియారం నడవడమంటే మాటలు కాదు. చప్పట్లు కొట్టారు. తీయండి బయటికి, తీయండి అన్నారు. ముందుగా అన్నది నేనే.

బావ తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. ఆ చప్పుడు ఎంత బాగుందంటే కాసేపు నా గొంతు కూడా ఆగింది. బండి కదల్లేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. గేటు ఇరుకు కదా, కొలతలు చూసుకుంటున్నాడేమో, దారి చూపిద్దామని నేను బండికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. చూసినదే కనిపించని మనిషికి సరిగ్గా నడిమధ్యన. నిలబడి, విమానాన్ని దింపేవాడిలా రెండు చేతులూ ఊపుతూ, రా రా, ఇంకా రా అంటున్నాను.

"ఎదురుగా ఎవరైనా ఉన్నారా?" అన్నాడు బావ.

"నేనే బావా. ధైర్యంగా రా."

బావ ఇంజన్ ఆపేశాడు.

నేను చేతులు గాల్లోనే ఉంచుకుని నిలబడ్డాను, దింపాలని తోచక. అప్పుడు అక్క ఇంట్లోంచి వచ్చింది. భుజాన సంచి తగిలించుకుని, బజారుకి వెళ్ళేలా తయారై ఉంది. తిన్నగా డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళి తెరిచింది.

"జరగండి."

"ఎక్కడికి?"

"అవతలి సీట్లోకి."

"నీకు రాదుగా."

"వచ్చు."

సంచిలోంచి కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. బావ దాన్ని వేళ్ళతో తడిమి, అలవాటు కొద్దీ నాకేసి చాపాడు. దగ్గరికెళ్ళి, ఒక చెయ్యి దింపి అందుకున్నాను. చదివాను. డ్రైవింగ్ లైసెన్సు, అక్క పేరు, అక్క ఫోటో. ఫోటో బాగా వచ్చింది బావా అని కూడా అన్నాను.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"నేర్చుకోవడం పోయినేడాది నుంచి. కుట్టుపని నేర్పడానికి వెళ్తున్నానని చెప్పానే, అప్పుడు." నా చేతిలోంచి కార్డు తీసుకుని సంచిలో వేసుకుంది. "తెలియడం మాత్రం అంతకు ముందే. మీరు నా మొహం చూడటానికి నా చెవి వైపు చూడటం మొదలుపెట్టారు చూడండి, ఆ రోజు నుంచి."

అప్పటికి నా రెండో చెయ్యి కూడా కిందికి దిగింది. బావ కొంతకాలంగా నాతో మాట్లాడేటప్పుడు కూడా నా చెవి వైపే చూస్తున్నాడు. నేను గమనించకపోలేదు. చెవుల్లో వెంట్రుకలు పెరిగాయి కాబోలు, పైకి అనలేక చూస్తున్నాడని సిగ్గుపడి, పనిగట్టుకుని మంగలి దగ్గరికి వెళ్ళి కత్తిరించుకొచ్చాను. ఇప్పుడెవరికోసం ఈ సింగారం అని మా ఆవిడ అడిగింది కూడా.

"మరి అనలేదేం?" అన్నాడు బావ.

"మీరన్నారా?"

ఆయన గొంతు తగ్గించాడు. అయినా పక్కనే ఉన్నాను కదా, నాకు వినబడింది. "అంటే షెడ్డుకి తాళం వేస్తారు, అందరూ కలిసి."

"తాళం వేసి నేనేం చేసుకోను? రోజంతా మీతో ఇంట్లో కూర్చోనా?" అంది అక్క. "కళ్ళు సరిగ్గా ఉన్నప్పుడు మాత్రం నన్ను చూస్తూ కూర్చున్నారా ఏమిటి. దిగండి."

బావ దిగాడు. పొడుగాటి ముక్కు మీద అరచెయ్యి ఆనించి, నిమురుకుంటూ అటు చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. అక్క సీటు ముందుకి లాక్కుంది. బండి ఒక గంతు వేసి ఆగింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ ఆగింది. మిత్రబృందం సలహాలు మొదలుపెట్టబోతే బావ కిటికీలోంచి చెయ్యెత్తి ఆపాడు. ఆయనేదో చెప్పాడు, ఆవిడేదో కసిరింది, ఈసారి బండి గేటు దాటింది. రెండే సీట్ల బండి. నాకు చోటు లేదు, ఉన్నా రమ్మనేవాళ్ళు లేరు.

పిలిచినవాళ్ళందరితో నేనొక్కణ్ణీ మిగిలాను. నర్సరీ ఆయన మెల్లగా పక్కకొచ్చి, మీది కళ్ళజోళ్ళ షాపే కదండీ అన్నాడు. అవునన్నాను. ఈ వారం కళ్ళు చూపించుకుందామని అనుకున్నాట్ట. "పర్లేదు లెండి, తొందరేం లేదు" అని నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

వాళ్ళు మధ్యాహ్నం దాటాక వచ్చారు. కొండ దాకా వెళ్ళారట. అక్క జుట్టు రేగిపోయి ఉంది, మొహం మాత్రం పాతికేళ్ళు వెనక్కి వెళ్ళొచ్చినట్టుంది. పైన బండి వెనక్కి తిప్పలేకపోతే ఇంకెవరో దారినపోయేవాళ్ళు తిప్పిపెట్టారని తనే చెప్పి తనే నవ్వింది. బావ దిగుతూనే కారుకి వెనక వైపు చేరి చెవి ఆనించాడు. కొండ దిగేటప్పుడు ఎడమ చక్రంలో ఏదో గొణిగిందట. అన్నం కూడా తినకుండా జాకీ పెట్టేశాడు. అక్క వారించలేదు. కంచం తెచ్చి షెడ్డులోనే స్టూలు మీద పెట్టి, పక్కన నీళ్ళు ఎక్కడ పెట్టిందో చెప్పి వెళ్ళిపోయింది.

నేను ఇంటికి వెళ్ళలేకపోయాను. ఇంతకాలం తెలియనిదానికంతటికీ ఒక్క పూటలో బాకీ తీర్చెయ్యాలనిపించింది. బావ లేచి నిలబడితే మోచెయ్యి పట్టుకున్నాను. అడుగేస్తే, బావా కింద పరుపుంది, బావా ఇక్కడ డబ్బా ఉంది అన్నాను. ఆ పరుపు అక్కడ పెట్టింది ఆయనే. ఆ డబ్బా కూడా. కంచంలో ఏది ఎటుందో చెప్పాను. చక్రం దగ్గర కూర్చోబోతే రెండు చంకల్లో చేతులు వేసి కూర్చోబెట్టబోయాను. అప్పుడు బావ చేస్తున్న పని ఆపాడు. నా చెవి వైపు తిరిగి, నన్ను సూటిగా చూశాడు.

"డాక్టరూ, నువ్వు నన్ను పట్టుకోవడానికొచ్చావా, బోల్టు పట్టుకోవడానికొచ్చావా?"

"బోల్టే బావా."

"అయితే చెయ్యి చాపు."

చాపాను. బోల్టు అరచేతిలో పెట్టి, పారేసుకోకు, దీనికి జోడీ దొరకదు అని చక్రం వైపు తిరిగిపోయాడు.